భుజం మీది చెయ్యి

మళ్ళీ ఆ కాగితమే, కీబోర్డు కింద తోసినా అంచు బయటికొచ్చి కనిపిస్తూనే ఉంది, ఆడవాళ్ళకి సున్నాలు, మగవాళ్ళకి గడులు, కలపడానికి గీతలు, కంటి డాక్టరమ్మ ఎంత తేలిగ్గా చేతిలో పెట్టింది, మీ వాళ్ళలో చూపు పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని నింపుకు రండమ్మా, దాన్నిబట్టి మీ అమ్మాయి కళ్ళు కూడా చూడాలో వద్దో చెప్తాను అంది, ఎవర్ని అడగను తల్లీ, నా సున్నా నింపాను, అమ్మాయిది నింపాను, అమ్మది నింపాను, అక్కడితో నాకు తెలిసింది హుళక్కి, అమ్మమ్మ పేరేమిటో కూడా తెలియదు, యాభై రెండేళ్ళొచ్చాయి, అమ్మ పుట్టింటికి ఎప్పుడూ తీసుకెళ్ళలేదు, చూడని అమ్మమ్మని అమ్మమ్మ అనే అన్నాం గానీ ఆవిడకో పేరుంటుందని ఎవరికి తోచింది, తెర మీది పాత ఫొటోలో ఎవరి తాతగారో, చెంప మీద బూజు మచ్చ ఇంకా పోలేదు, ఎడమపక్క ఏముందో చూడాలంటే తలంతా తిప్పాల్సొస్తోంది, పొద్దున షాపు ఓనరు ఆ పక్కన నిలబడి టీ ఇస్తుంటే చూడక మోచేత్తో ఒలకబోశాను, ధ్యాస ఎక్కడుందమ్మా అన్నాడు, ధ్యాస ఇక్కడే ఉంది బాబూ, చూపే లేదు, ఆ మాట అంటే ఉద్యోగం ఉంటుందా, పాత ఫొటోలు బాగుచేసే మనిషికి కళ్ళు తప్ప ఇంకేముంది, ఇల్లు గడిచేది వాటితోనే కదా.

అమ్మ పోయినప్పుడు, తొమ్మిదేళ్ళయింది, గోడకి పెట్టడానికి విడి ఫొటో ఒక్కటీ లేదు, ఉన్నదల్లా పెళ్ళికి ముందు పెద్దమ్మతో దిగిన జంట ఫొటో, ఇద్దరూ నిలబడి ఉన్నారు, పెద్దమ్మ చెయ్యి అమ్మ భుజం మీద ఉంది, చూపు మాత్రం కెమెరా వైపు లేదు, సరిగ్గా ఫొటో తీసే వేళకి ఎటో చూసి పాడుచేసింది మహాతల్లి అనుకున్నాను, ఆవిణ్ణి నేను చూసింది ఆ ఒక్క ఫొటోలోనే, నేను పుట్టకముందే అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు, ఎందుకమ్మా అంటే నీకెందుకే ఆ గొడవ అని అమ్మ నా నోరు మూయించేది, ఇదే కుర్చీలో కూచుని పెద్దమ్మని కత్తిరించేశాను, భుజం మీద మిగిలిపోయిన నాలుగు వేళ్ళూ చెరిపేసి ఆ చోట జాకెట్టు గళ్ళు అతికించాను, అతుకెక్కడో ఎవరూ పట్టుకోలేరు, అంత బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా, అసలు ఫొటో ఏమో షాపు మారినప్పుడు చెత్తలో పోయింది. అమ్మ పోయిన వారమే పెద్దమ్మ షాపుకి ఫోన్ చేసి ఓనరుకి నంబరు చెప్పిపెట్టింది, అమ్మ మాట్లాడని మనిషితో నాకేం పని అని తిరిగి చెయ్యలేదు, నంబరు మాత్రం పారెయ్యలేదు, ఎందుకో.

ఓనరు భోజనానికి వెళ్ళాడు, ఆ నంబరుకి చేసేస్తే పోలా, మనిషి అసలు ఉందో లేదో, మోగుతోంది, పెట్టేద్దామా, ఎవరూ అంది ఒక ముసలి గొంతు, నేను మీ చెల్లెలి కూతుర్ని అన్నాను, అచ్చం దాని గొంతేనే అంది, ఆ గొంతులో కోపం వెతికాను, దొరకలేదు, బాగున్నారా పెద్దమ్మా అని పొడిపొడిగా నాలుగు మాటలు మాట్లాడి అసలు సంగతికొచ్చాను, నా చూపు తగ్గుతోంది, డాక్టరమ్మ కనుక్కోమంది, మన వాళ్ళలో కళ్ళు కనపడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే నవ్వింది.

ఎవరో ఏమిటే, నేనే ఉన్నానుగా, మీ అమ్మ చెప్పలేదూ.

పదహారో ఏట మొదలై ఇరవైకల్లా చూపు మొత్తం పోయిందట, ఆ తర్వాత మీ అమ్మ భుజం పట్టుకునే ఎక్కడికైనా వెళ్ళేదాన్ని, ఫొటో దిగడానికీ అలాగే వెళ్ళాం అంటోంది, ఎటో చూసి పాడుచేసింది అనుకున్నాను కదా, డాక్టరమ్మ అడిగిన జవాబు నా ముందు పెట్టుకుని నా చేతుల్తో నేనే చెరిపేశాను, సిగ్గుతో చచ్చిపోయాను, ఆవిడ చెప్పుకుపోతూనే ఉంది, మీ నాన్న వాళ్ళు సంబంధం మాట్లాడ్డానికి వచ్చిన రోజు నన్ను వెనకగదిలో ఉండమన్నారు, ఇలాంటి అక్క ఉందంటే సంబంధం చెడుతుందని, దాని మంచికేగా అని ఉన్నాను, పెళ్ళయి ఏడాదైనా మీ అమ్మ నా సంగతి మీ నాన్నకి చెప్పలేదు, ఇంకెన్నాళ్ళు దాస్తావే అన్నాను, ఆ ఒక్క మాటకి మా మధ్య మాటలు పోయాయి.

కాగితం బయటికి లాగి రాస్తున్నాను, అమ్మమ్మ పేరు చెప్పింది, ఇన్నేళ్ళకి విన్నాను, అమ్మమ్మకి చివరి పదేళ్ళూ చూపు లేదట, ఆవిడ అన్నగారికీ లేదట, మా అమ్మొక్కతే బయటపడిందట, గీతలకి చోటు చాలక వెనక్కి తిప్పాను, ఒక్క పూటలో ఇంతమంది నావాళ్ళు, అలిసిపోయాను, చెయ్యి పీకుతోంది, ఇంక ఉంటాను పెద్దమ్మా అనబోతుంటే అడిగింది, నీకెంతమందే పిల్లలు అని, ఒక్కతే అన్నాను, దానికి చెప్పావా నీ కళ్ళ సంగతి అంది.

చెప్పలేదు, కొత్త ఉద్యోగంలో చేరింది, ఇప్పుడెందుకు భయపెట్టడం, పరీక్షలన్నీ అయ్యాక నిదానంగా చెప్దాం అనుకున్నాను, దాని మంచికే అనుకున్నాను, అమ్మ కూడా సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటుంది, నా మంచికే అనుకుని ఉంటుంది, జబ్బు ఎవరిదగ్గర్నించి ఎవరికొచ్చిందో ఆ గీతలు చూసి డాక్టరమ్మ తేలుస్తుంది, ఈ దాచడం మాత్రం నాకు మా అమ్మే ఇచ్చింది, దీన్ని నా కూతురికి నేను ఇవ్వను, ఈ సాయంత్రమే చెప్తాను.