అద్దాల బీరువాలో మీటరు

కరెంటాఫీసుకు ఎవరు తనిఖీకి వచ్చినా ఇంజనీరు ముందుగా చూపించేది తన గదిలోని అద్దాల బీరువానే. అందులో పసుపుపచ్చ మీటరు ఒకటి ఉంటుంది. తీగను ముట్టకుండా, కింద నుంచే, దానిలో వోల్టేజీ ఎంతుందో, కరెంటు ఎంత పారుతోందో చెప్పేస్తుంది. వచ్చినవాళ్లు ఆహా ఓహో అంటారు, టీ తాగి వెళ్తారు. బీరువాకు మళ్లీ తాళం పడుతుంది. లైన్‌మన్లవి మొరటు చేతులనీ, ఇస్తే పాడుచేస్తారనీ ఇంజనీరు వాదన.

ఆ మొరటు చేతులు తీగను ఎలా పరీక్షిస్తాయో మనలో ఎందరికి తెలుసు? వేళ్ల వెనకవైపుతో చటుక్కున తాకి చూస్తాయి. షాక్ కొడితే చెయ్యి దానంతటదే వెనక్కి ముడుచుకుంటుందని వాళ్ల నమ్మకం. పెద్ద లైన్‌మన్ ఆ నమ్మకంతోనే రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు.

ఒక ఉదయం తెగిన తీగ కట్టడానికి, అతని కింద లైన్‌మన్‌గా చేసే బావమరిది స్తంభం ఎక్కుతున్నాడు. లైను ఆపేశామని సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. కానీ వీధి చివర మిల్లులో జనరేటరు దడదడలాడుతోంది. పెద్ద లైన్‌మన్‌కు మనసొప్పలేదు.

"దిగరా. మీటరు తెస్తాను."

"ఇంకెంతసేపు బావా? ఫ్యాన్లు ఆగిపోయాయని జనం తిట్టిపోస్తున్నారు. వేలితో చూసేస్తాలే."

"నీకేమైనా అయితే మీ అక్క నన్ను గడప తొక్కనిస్తుందా? దిగమన్నానా!"

ఆఫీసుకెళ్లి ఆ బీరువా తెరిపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. తీరా చూస్తే మీటరులో బ్యాటరీలు లేవు.

"ఏసీ రిమోట్‌లో వేసుకున్నానయ్యా. ఎటూ దాన్నెవరూ వాడట్లేదు కదా," అన్నాడు ఇంజనీరు, ఫైలు మీంచి తలెత్తకుండానే.

పెద్ద లైన్‌మన్‌కు ఒళ్లంతా కంపరమెత్తింది. రిమోట్ లాక్కుని, బ్యాటరీలు పీకి, మీటరులో వేసుకుని పరుగెత్తాడు.

తీగ కింద నిలబడి పైకెత్తగానే మీటరు కీచుమని అరిచింది. ఆపేశామన్న తీగలో వోల్టేజీ నిండుగా ఉంది. మిల్లు జనరేటరు నుంచి కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కుతోంది. స్తంభం దిగి కాచుకున్న బావమరిది తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

కబురు తెలిసి ఇంజనీరు జీపులో ఊడిపడ్డాడు. "చూశారా, మన మీటరు ఒక ప్రాణం నిలబెట్టింది! ఇలా ఇవ్వు, ఒక ఫోటో దిగుతాను."

పెద్ద లైన్‌మన్ ఇవ్వలేదు. దాన్ని బావమరిది చేతిలో పెట్టి, ఇంజనీరు వైపు అసహ్యంగా చూశాడు.

"సిగ్గుండాలి సార్! ప్రాణం కాపాడే వస్తువుని పనిచేసేవాడికి అందకుండా దాచడమంటే, వాణ్ని చేతులారా చంపడమే."