నాలుగింటి యాంటెన్నా

వదిన కారు తెచ్చి మెకానిక్ షెడ్డు ముందు ఆపేసరికి మేస్త్రి బెంచీ మీదికి వంగి, లేని పని ఉన్నట్టు నటిస్తున్నాడు. వీధి మలుపులోనే ఆ కారు చప్పుడు పోల్చుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఆ చప్పుడు వినపడకూడదనే కోరుకున్నాడు. అన్న పోయింది ఆ కారులోనే.

"దీని యాంటెన్నా పీకెయ్యి," అంది వదిన, తాళాలు బెంచీ మీద పెట్టి. "రేడియో ఉండనీ. బయటికి కనపడకుండా ఇంకోటేదైనా పెట్టు."

"బాగానే ఉందిగా వదినా. తుప్పు కూడా పట్టలేదు."

"దానంతటదే లేస్తోంది. రోజూ నాలుగింటికి. తాళాలు నా దగ్గరే ఉంటాయి, రేడియో కట్టేసి ఉంటుంది. అయినా లేస్తుంది. ఓ అరగంట అలా నిలబడి, దిగిపోతుంది."

"వైరు ఎక్కడో తగులుతూ ఉంటుంది," అన్నాడు మేస్త్రి. తన మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ యాంటెన్నా బిగించింది తనే. రేడియో పెడితే మోటారు గుర్రుమని కడ్డీని పైకి నెడుతుంది, కట్టేస్తే లోపలికి లాక్కుంటుంది. అన్న ప్రెస్సులో తప్పులు దిద్దే ఉద్యోగి. ఆ అలవాటు ఇంటా బయటా కూడా వదల్లేదు. సాయంత్రం నాలుగింటికి పని ముగించుకుని, షెడ్డుకి ఎదురుగా రోడ్డు అవతల కారు ఆపేవాడు. మోకాళ్ల నొప్పులు, దిగేవాడు కాదు. హారన్ కొట్టి మనిషిని పిలవడం మర్యాద కాదని ఆయన సిద్ధాంతం. రేడియో పెట్టేవాడు, యాంటెన్నా లేచేది. అది చూసి తమ్ముడు చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి, రెండు టీలు పట్టుకెళ్లి పక్క సీట్లో కూర్చునేవాడు. ఇరవై ఏళ్లు అలాగే సాగింది.

ఒకరోజు అన్న కారు బాగుచేయించుకోవడానికి షెడ్డులోకి వచ్చి, అక్కడున్నవాళ్ల ముందు నవ్వుతూ, "మావాడి చేతికి నిలకడ తక్కువ, పనయ్యాక మీరే ఓసారి చూసుకోండి," అన్నాడు. మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. నాలుగు రోజులు యాంటెన్నా లేచింది, నాలుగు రోజులూ చూడనట్టే ఉన్నాడు. అయిదో రోజు అది లేవగానే వెళ్లి షట్టరు సగం దించాడు. అరగంట తర్వాత ఎవరో వచ్చి షట్టరు బాదారు. కారులో రేడియో మోగుతోందట, మనిషి కదలడం లేదట.

"లోపల పనిలో ఉన్నాను, చూసుకోలేదు," అని అందరికీ చెప్పాడు. వదినకీ అదే చెప్పాడు. ఆ అబద్ధం ఎనిమిది నెలలుగా ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది.

ఇప్పుడు వదిన స్టూలు మీద కూర్చుని చూస్తుండగా బోల్టులు విప్పాడు. మోటారుతో సహా యాంటెన్నా పెరికి, వైర్లు కత్తిరించి, బెంచీ మీద పడేశాడు. రేకులో మిగిలిన కంతకు రబ్బరు బిరడా కొట్టాడు. ముందు అద్దం లోపలి అంచున సన్నటి రిబ్బన్ యాంటెన్నా అంటించి రేడియో పెడితే గొంతు ఖంగుమని పలికింది. రేడియో కట్టేశాడు. ఆ కారుకి ఎప్పుడో యాంటెన్నా ఉండేదని బయటివాళ్లెవరూ అనుకోరు.

గోడ గడియారం నాలుగు చూపించింది.

బెంచీ మీద మోటారు గుర్రుమంది.

తెగిన వైర్లు గాలిలోనే వేలాడుతున్నాయి. కడ్డీ కణుపు కణుపుగా బయటికి సాగి, స్క్రూడ్రైవరుని నెట్టి కింద పడేసింది. మేస్త్రి రెండు చేతులతో పట్టుకుని లోపలికి తోశాడు. అది ఆయన అరచేతిని నెట్టుకుంటూ మళ్లీ బయటికొచ్చింది.

"వదినా, ఆ రోజు నేను చూశాను," అన్నాడు. "చూసే షట్టరు దించాను."

"తెలుసు," అంది వదిన.

మేస్త్రి కడ్డీ వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

"ఆ రోజు కారులోంచే మీ అన్నయ్య నాకు ఫోన్ చేశారు. 'వాడు నన్ను చూసి షట్టరు దించాడే, ఇంకా అలక తీరలేదు, ఇంకో పావుగంట చూసి వస్తాను' అన్నారు." వదిన బెంచీ మీది కడ్డీ వైపు చూసింది. "నువ్వే చెప్తావని ఇన్నాళ్లూ ఆగాను. ఇది నన్ను పిలవడం కాదయ్యా, నిన్ను. నన్నెప్పుడూ ఇలా పిలవలేదు. ఎవరూ వెళ్లకపోతే చూడలేక పీకించేద్దామనుకున్నాను. వద్దులే, తిరిగి బిగించు. కారు రోడ్డు అవతల పెట్టి వెళ్తాను. ఈసారి లేస్తే వెళ్లు."

యాంటెన్నా తిరిగి బిగించిన మర్నాడు నాలుగు కాకముందే మేస్త్రి రెండు టీలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. యాంటెన్నా లేవలేదు. టీలు చల్లారిపోయాయి. ఆ మర్నాడూ అంతే. అలా నాలుగు రోజులు నిలబడ్డాడు.

అయిదో రోజు ఇక ఉండబట్టలేక, రోడ్డు దాటి వెళ్లి అన్న సీట్లో కూర్చుని తనే రేడియో పెట్టాడు. యాంటెన్నా లేచింది. పక్క సీటు ఖాళీగా ఉంది. "అన్నయ్యా, వచ్చాను," అని తలెత్తి షెడ్డు వైపు చూశాడు.

షట్టరు సగం దించి ఉంది. వచ్చేటప్పుడు దాన్ని తను పూర్తిగా తెరిచే వచ్చాడు.