అమ్మ వేసిన సన్నజడలు

మా వదినకు కత్తెరంటే ప్రాణం. గుడ్డ చిరిగినా కత్తెరే, జిప్పు పట్టేసినా కత్తెరే. ఆ ఆదివారం పొద్దున కాఫీ తాగుతున్న నా వెనకాల నిలబడి, నా జడల్లో ఒకదాన్ని చచ్చిన బల్లిని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తింది.

"ఇంక విప్పడాల్లేవు. కోసెయ్యడమే," అని తీర్పు చెప్పేసింది.

నాకు ఒళ్ళు మండింది. "నా తల జోలికొస్తే ఊరుకోను వదినా."

"ఊరుకోకు. గోక్కుంటూ కూర్చో. నీ గోకుడికి మీ అన్నయ్య ఎలకలనుకుని మంచం కింద వెతికాడు."

ఆమె మాటలో అబద్ధం లేదు. కణతల దగ్గర జుట్టు కుదుళ్ళతో సహా ఊడి వస్తోంది. నలుగురూ చూస్తారని లాండ్రీలో పనిచేసేటప్పుడు కూడా తలకు గుడ్డ కట్టుకుంటున్నాను. అయినా విప్పడానికి మనసొప్పలేదు. ఆ జడలు అమ్మ వేసినవి.

మా ముందుగదే అమ్మ దుకాణం. ఒక అద్దం, ఒక ఎత్తు కుర్చీ, గోడకు వరసగా దువ్వెనలు. తలనిండా సన్నజడలు వెయ్యడంలో అమ్మ చెయ్యి పెట్టింది పేరు. పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రానికి లేచేది, ఈలోపు వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో అన్నీ తెలుసుకుని మరీ లేచేది. నేను బడి నుంచి వచ్చి ఆ కుర్చీ కిందే కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. నా వంతు వచ్చేసరికి అమ్మ అలిసిపోయి ఉండేది. తల ఎటు తిప్పాలో నోటితో చెప్పేది కాదు, జుట్టు పట్టుకుని ఇటు లాగితే ఇటు, అటు లాగితే అటు. కదిలితే దువ్వెన వెనకభాగంతో నెత్తిమీద ఒక్కటి వేసేది. ఆ దెబ్బలు తిన్న రోజులంత హాయి నాకు మళ్ళీ దొరకలేదు.

దుకాణంలో ఒకే ఒక్క కట్టుబాటు. వేసిన చెయ్యే విప్పాలి. ఎవరికి వాళ్ళు విప్పుకుంటే విసుగొచ్చి పీక్కుంటారని అమ్మ నమ్మకం. అందుకే, "విప్పించుకోవడానికి నా దగ్గరికే రావాలి," అని ముందే మాట తీసుకునేది.

నాకు ఈ జడలు వేసిన వారానికే పక్షవాతం వచ్చి అమ్మ కుడిచెయ్యి పడిపోయింది. మాటా నడకా తిరిగి వచ్చాయి గానీ చెయ్యి రాలేదు. ఇక జడలు వెయ్యడం తనవల్ల కాదని డాక్టరు చెప్పక్కర్లేకపోయింది, అమ్మే చెప్పింది. అద్దం మీద దుప్పటి కప్పించింది.

అప్పటినుంచి నెలల తరబడి నేను జడల్ని విప్పలేదు. కింద కొత్త జుట్టు పెరిగి అల్లిక జారిపోతుంటే నా ప్రాణం విలవిల్లాడేది. లాండ్రీలో నాది చిరుగులు కుట్టే పని. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే, అదే చేశాను. జారిన జడను పక్క జడకు పట్టించి సూదీ నల్లదారంతో కుట్టేశాను. అది జారితే మరోదానికి. ఎవరికీ చెప్పలేదు.

"ఇలా రావే," అని ముందుగదిలోంచి అమ్మ పిలిచింది. మా గొడవంతా విన్నట్టుంది. ఎత్తు కుర్చీలో కూర్చుని కాళ్ళ మధ్య చోటు చూపించింది. "కూర్చో. నేను విప్పుతాను."

"ఒక్కచేత్తో ఎలా విప్పుతావమ్మా?"

"జడ నువ్వు పట్టుకో. పాయలు నేను లాగుతాను."

కూర్చున్నాను. తల వెనక్కి చేతులు పెట్టి జడ పైభాగం పట్టుకుంటే, అమ్మ ఎడమచెయ్యి చివర నుంచి మొదలుపెట్టింది. అంగుళం కూడా పోకముందే వేళ్ళు ఆగిపోయాయి.

"ఏమిటే ఇది గట్టిగా?"



"దారం," అన్నాను.

"జడలు కాపాడుకున్నావా, బొంత కుట్టుకున్నావా?"

నా వెనకే వచ్చి నిలబడ్డ వదిన పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, లోపలికి వెళ్ళి గోళ్ళు తీసుకునే చిన్న కత్తెర తెచ్చింది. నల్ల జుట్టులో నల్లదారం కంటికి ఆనదు. అమ్మ కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి, "ఇదిగో, ఇక్కడ," అనేది. వదిన ఊపిరి బిగబట్టి ఆ పోగు ఒక్కటే కత్తిరించేది. ఒక్క వెంట్రుక తెగినా అమ్మ ఊరుకునేది కాదు. "అది దారం కాదమ్మా, పిల్ల జుట్టు," అని కసిరేది. ఎప్పుడూ మాట పడని మా వదిన ఆ పూట కిక్కురుమనలేదు.

నూనె రాస్తూ, చిక్కు విడదీస్తూ, మధ్యలో అన్నం తింటూ, మళ్ళీ మొదలుపెడుతూ మధ్యాహ్నమంతా గడిపాం. నా చేతులు లాగేశాయి, తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మ మాత్రం పాత హుషారులో పడింది. ఎదురింటి దర్జీ ఆవిడ పెళ్ళికి జడలు వేస్తుంటే పెళ్ళికొడుకు తలుపు సందులోంచి తొంగి చూసిన సంగతి చెప్పి, తనే పడీ పడీ నవ్వింది. ఆ గదిలో అంత నవ్వు విని ఎన్నాళ్ళయిందో. విప్పిన జుట్టు భుజాల మీద పడుతుంటే నాకు మాత్రం ఒక్కో జడా చెయ్యి జారిపోతున్నట్టే ఉంది.

చివరికి కుడి చెవి వెనక ఒక్కటి మిగిలింది. దాన్ని గుప్పిట్లో మూసేశాను.

"ఇదొక్కటి ఉండనీ అమ్మా."

"కుదురు కుళ్ళిపోతుందే."

"పోనీ. నువ్వు మళ్ళీ వెయ్యలేవుగా," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. వదిన కత్తెర పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగింది.

అమ్మ కోప్పడలేదు. నా గుప్పిట విప్పి, జడను తన అరచేతిలోకి తీసుకుంది. కుదురు నుంచి కొస దాకా బొటనవేలితో నెమ్మదిగా రాసింది. మళ్ళీ కుదురు దాకా వెళ్ళింది. పాయ మీద పాయ, ఎక్కడా వదులు లేదు. దీనికి నా కుట్టు అవసరం పడలేదు.

"ఇది నేను వేసిందేనా?"

"నువ్వు వేసిందేనమ్మా."

"బాగా వేశానే," అంది.

కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత కొస ముడి విప్పడం మొదలుపెట్టింది.