రెండో బ్రేకు

ఊళ్లో సగం మందికి కారు నేర్పింది తానేనని డ్రైవింగ్ టీచరమ్మ చెప్పుకుంటుంది. అందులో కోతలేమీ లేవు. ఆమె కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు బెంబేలెత్తిపోతే ఆమె కాలు దాని మీద పడుతుంది. ఆ కాలు ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదని ఆమెకు మహా గర్వం.

ఈమధ్య ఆమె శిష్యులంతా మలుపు వస్తే చాలు, మెడలు భుజాల దాకా తిప్పేస్తున్నారు. లైసెన్సు పరీక్ష పెట్టే ఆఫీసరు నవ్వాపుకోలేక, "ఇదేం డ్రైవింగమ్మా, కోళ్లు చూసినట్టు?" అన్నాడు.

టీచరమ్మ ఒంటికాలి మీద లేచింది. "జాగ్రత్త నేర్పడం కూడా తప్పేనా?"

కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న ఆడపడుచుకి మాత్రం నవ్వు రాలేదు. "వదినా, పోయినేడు నువ్వు మెడ ఇలా తిప్పేదానివి కాదు. మొన్న గుమ్మానికి కొట్టుకున్నావు. నిన్న పక్కనుంచి సైకిలొస్తే బ్రేకేసింది నేను. నువ్వు కాదు."

ఆ చివరి మాట సూదిలా గుచ్చుకుంది. టీచరమ్మ పోట్లాడింది, మూతి ముడుచుకుంది, మర్నాడు తనంతట తానే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎదురుగా ఉన్నవాటికి టకటకా నొక్కింది. రెండు పక్కలా చుక్కలు వెలిగాయన్న సంగతే ఆమెకు తెలియలేదు.

రక్తపరీక్ష, స్కానింగు అయ్యాక హార్మోన్ల డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథిలో గడ్డ పెరిగింది. తల్లులకు పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోనును అది విపరీతంగా తయారుచేస్తోంది. కొన్ని నెలలుగా నెలసరి ఆగింది కూడా అందుకే. వయసైపోయిందిలే అని టీచరమ్మ ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది. ఇప్పుడా గడ్డ పైనున్న కంటి నరాలను నొక్కి పక్కచూపును తగ్గిస్తోంది.

"క్యాన్సర్ కాదు. ఇలాంటివి చాలావరకు మాత్రలతోనే కుంచించుకుపోతాయి. వారానికి రెండుసార్లు వేసుకోండి."

"తలలో గడ్డకి వారానికి రెండుసార్లేనా? నాకు జలుబు చేస్తే సంచీడు రాస్తారు!"

డాక్టరమ్మ నవ్వింది. "కారు మాత్రం ముట్టుకోవద్దు. నేర్పడమూ వద్దు, నేను చెప్పేదాకా."

"చూపు తిరిగొస్తుందా?"

"చాలామందికి వస్తుంది. పూర్తిగా అని మాటివ్వలేను."

తాళాలు ఆడపడుచు చేతిలో పెడుతుంటే టీచరమ్మకి ఏడుపాగలేదు. కారు నేర్పకపోతే ఇక తానెవరు?

మాత్రలకు మొదట్లో కడుపులో తిప్పింది. ఆసుపత్రికి తిప్పింది ఆడపడుచే. టీచరమ్మ వెనక సీట్లో కూర్చుని గేరు గేరుకీ చీవాట్లు పెట్టేది. లోపల మాత్రం, నా శిష్యురాలు ఎంత మెత్తగా తిప్పుతోందో అని పొంగిపోయేది.

కొన్ని నెలలకు అదే గిన్నె యంత్రం. ఈసారి పక్క చుక్కలకూ బటన్ నొక్కింది. గడ్డ బాగా చిన్నదైంది. "ఇక నడపండి. మాత్రలు మాత్రం మానకండి," అంది డాక్టరమ్మ.

ఆసుపత్రి ఆవరణలోనే టీచరమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీట్లో కూర్చున్న ఆడపడుచుతో, "ఆ బ్రేకు మీద కాలుంచుకో," అంది.

"సరే వదినా, పోనియ్."

గేటు దగ్గర పక్కనుంచి ఒక సైకిలు దూసుకొచ్చింది. టీచరమ్మ మెడ తిప్పకుండానే బ్రేకు తొక్కింది. కారు ఠక్కున ఆగింది.

"చూశావా!" అంటూ పక్కకు తిరిగింది. రెండో బ్రేకు దగ్గర చెప్పులు మాత్రమే ఉన్నాయి. ఆడపడుచు కాళ్లు సీటు మీదికి ముడుచుకుని హాయిగా కూర్చుంది.

"కాళ్లెప్పుడు పైకి పెట్టావే?"

"నువ్వు తాళం తిప్పినప్పుడే."

టీచరమ్మ తలెత్తి గేరు వేసింది.