చిరగని ఫ్లెక్సీ

హుస్నాబాద్‌లో ఫ్లెక్సీ పడనిదే మనిషి పుట్టినట్టు లెక్కలోకి రాడు. పుట్టినరోజైనా, పదవొచ్చినా, పోయిన పదవి మళ్ళీ వస్తుందని ఆశ పుట్టినా చౌరస్తాలో పెద్ద ముఖం వేలాడాల్సిందే. అలాంటి ఊళ్ళో మున్సిపాలిటీవాళ్ళు ప్లాస్టిక్ ఫ్లెక్సీలు బందు పెట్టేసరికి, ఫ్లెక్సీల దుకాణం నడిపే అవేజ్ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే దుకాణానికి తాళం వేసి, మందమర్రిలో బామ్మర్ది టైర్ల షాపులో పంక్చర్లు వేయడానికి పోవాలి. ఆ బామ్మర్ది కింద పనిచేయడం కంటే బావిలో దూకడం నయమని అవేజ్ గట్టి అభిప్రాయం.

దారి చూపింది భార్య అంబ్రీన్. ఆమె జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మక్కజొన్నల నుంచి తీసిన గంజిపొడిలో నీళ్ళు, కాస్త గ్లిజరిన్ కలిపి ఉడికించి, పల్చగా పోసి ఆరబెడితే ప్లాస్టిక్ లాంటి పొర వస్తుందని, పని అయ్యాక పారేస్తే మట్టిలో కలిసిపోతుందని చెప్పింది. మొదటి పొర ఆరింది, చూడముచ్చటగా ఉంది. అవేజ్ మురిసిపోయి దాన్ని దండెం మీద వేస్తే పటపటా ముక్కలైంది. రెండోది గాలికి చిరిగింది. మూడోది అవేజ్ తుమ్మితే చిరిగింది.

"గిదేం ఫ్లెక్సీ? దీనికన్న అప్పడమే నయం" అన్నాడు అవేజ్.

"జర ఆగు, పరేషాన్ గాకు. ఉత్త మట్టితోని గోడ పెడ్తే నిలుస్తదా? గడ్డి కలుపుతరు గద. దీనికి గూడ నార గావాలె" అంది అంబ్రీన్.

చేన్లలో పత్తి ఏరడం అయిపోయి రైతులు కట్టె కాలబెడుతున్న రోజులవి. "కాలబెట్టుడెందుకు, నాకియ్యుర్రి" అని అవేజ్ బండెడు పత్తికట్టె తెచ్చాడు. ఆలుమగలు కలిసి బెరడు ఒలిచి, సోడా వేసి ఉడికించి, కడిగి, దంచి, దూదిలా అయిన నారను గంజిలో కలిపారు. ఇల్లంతా కుడితి వాసన. ఆరిన పొరను చెరో కొస పట్టుకుని గుంజారు. చిరగలేదు. ఇంకా గట్టిగా గుంజారు. అంబ్రీన్ చేయి జారి, అవేజ్ వెళ్ళి నీళ్ళ బకెట్లో కూర్చున్నాడు గానీ పొర మాత్రం చిరగలేదు. ఆ సంతోషంలో ఆయన లేవడం కూడా మరిచిపోయాడు.

మొదటి గిరాకీ ఉపేందర్‌రావు. పాత భూములు, కొత్త పెట్రోల్ బంకు, ఎన్నటికీ తీరని సహకార సొసైటీ చైర్మన్ కోరిక ఉన్న మనిషి. ప్రింటింగ్ మిషన్ వేడికి పొర ముడుచుకుపోతోందని, పొరలన్నీ గంజితోనే అతికించి, అవేజ్ పసుపు, ఎర్రమట్టి జాజు, బొగ్గుపొడి కలిపి చేత్తోనే బొమ్మ వేశాడు.

"గిదేంది అవేజ్ భాయ్, కామెర్లు లేసినట్టున్న?"

"బంగారు ఛాయ సార్."

"అయితే మంచిదే. గని నా ముఖం పొద్దుగూకే దాక చౌరస్తల నిలవాలె. నిలిస్తే ఊళ్ళె అందరి ఫ్లెక్సీలు నీకే చెప్పిస్త. నిలవకపోతే..."

నిలవకపోతే మందమర్రి. ఆయన అనకున్నా అవేజ్‌కు వినపడింది.

పుట్టినరోజు పొద్దున చౌరస్తాలో కట్టారు. పసుపుపచ్చని ఉపేందర్‌రావు చేతులు జోడించి నవ్వుతున్నాడు. కింద వరుసలో అనుచరుల ముఖాలు. కేకు కోసేదాకా అంతా బాగానే ఉంది.

అప్పుడొచ్చింది కొమురవ్వ బర్రె. కొమురవ్వ సగం ఊరికి పాలు పోసే ముసలామె. ఆ బర్రెకు సొసైటీ తెలియదు, చైర్మన్ తెలియదు. కుడితి వాసన మాత్రం బాగా తెలుసు. నాలుక చాచి ముందు అనుచరులను నాకింది. చూస్తుండగానే మీసాలున్నవాళ్ళకు మీసాలు పోయాయి.

"కొట్టుర్రి దాన్ని!" అని ఉపేందర్‌రావు అరిచాడు.

"కొట్టుర్రి సూస్త! రేపటి సంది పాలు బందు" అంది కొమురవ్వ. లేచిన కర్రలన్నీ దిగిపోయాయి.

బర్రె ఫ్లెక్సీ కొస నోట కరుచుకుని గుంజింది. మామూలు ఫ్లెక్సీ అయితే ఓ ముక్క చిరిగేది, దాంతో పీడ పోయేది. ఇది చిరగదే! తాళ్ళు తెగాయి, గుంజలు ఊడాయి, అయినా చిరగలేదు. ఆ చప్పుడుకు బర్రె బెదిరి ఉరికింది. దాని వెనక నమస్కారం పెడుతూ ఉపేందర్‌రావు బస్టాండు మీదుగా, పోలీస్ స్టేషన్ మీదుగా కూరగాయల మార్కెట్ దాకా పోయాడు. ఎన్నికలప్పుడు కూడా ఆయన అన్ని వాడలు తిరగలేదు.

మార్కెట్లో ఆరుగురు అనుచరులు రెండో కొస దొరకబుచ్చుకున్నారు. అటు బర్రె, ఇటు వాళ్ళు, చుట్టూ జనం ఈలలు. చిరిగితే తన సరుకు పరువు పోతుంది, చిరగకపోతే రావు పరువు పోతుంది. అల్లాను ఏమని వేడుకోవాలో అవేజ్‌కు తోచలేదు. చివరికి బర్రెకే విసుగొచ్చి నోరు తెరిచింది. ఆరుగురూ వెల్లకిలా వెళ్ళి టమాటల్లో పడ్డారు. ఫ్లెక్సీకి చిల్లు కూడా పడలేదు.

"నా ఇజ్జత్ బర్రె నోట్ల పెట్టినవు గదనయ్యా! ఇగ నీకు గిరాకెట్లొస్తదో నేనూ సూస్త" అని ఉపేందర్‌రావు మండిపడి వెళ్ళిపోయాడు. పారేసిన ఫ్లెక్సీని కొమురవ్వ చుట్ట చుట్టి ఇంటికి మోసుకుపోయింది.

అవేజ్‌కు ఆ రాత్రి అన్నం సహించలేదు. తనకు బతుకు చూపిస్తుందనుకున్న గట్టిదనమే తనను ముంచిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంబ్రీన్ మందమర్రికని సంచిలో ఆయన బట్టలు సర్దింది.

మర్నాడు సామాన్లు కట్టుకుందామని దుకాణం తీస్తే, అరుగు మీద భానుప్రసాద్ కూర్చుని ఉన్నాడు. చైర్మన్ కుర్చీ కోసం రావుతో పోటీపడే మనిషి.

"ఆరుగురు గుంజినా చిరగలే అంటగద. నాకూ గదే గావాలె. గాయనది పదడుగులైతే నాది పన్నెండు."

ఆ మాట అయ్యేలోపే ఉపేందర్‌రావు కారు వచ్చి ఆగింది. ఊళ్ళో ఏ నోట విన్నా తన పేరేనని రాత్రే ఆయనకు అర్థమైంది. "నాకు పదిహేను" అన్నాడు దిగుతూనే. అవేజ్ దుకాణం వెనకే ఉన్న ఇంట్లోకి ఉరికి, అంబ్రీన్ సర్దిన సంచిని బోర్లించి వచ్చాడు.

వచ్చేసరికి కొమురవ్వ పాలచెంబుతో నిలబడి ఉంది.

"బిడ్డా, నిన్నటిది నానబెట్టి ఏస్తే బర్రె ఒక్క నార మిగల్చకుంట తిన్నది. పొద్దుగాల పాలు గూడ ఎక్కువిచ్చింది. మల్ల ఎవలిది కడ్తున్నరు?"

అవేజ్ ఇద్దరి వైపూ వేలు చూపించాడు. కొమురవ్వ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"పెద్దగెవలిదుంటే గాళ్ళది మొదలు దింపి నాకియ్యి" అంది.