కుర్చీలో బదిలీ మనిషి

గోదావరిఖని చౌరస్తా దగ్గర బొగ్గు లారీల వెనక ఆటో ఇరుక్కుపోయింది. వెనక సీట్లో సుగుణమణి తల కూతురి భుజం మీదికి వాలిపోతోంది. చీరంతా చెమటతో తడిసి ముద్దయింది. పొద్దున ఇన్సులిన్ సూది వేసుకుని, తినడం మరిచి బట్టలుతకడానికి కూర్చున్న మనిషి నల్లా దగ్గరే పడిపోయింది.

"జల్ది పోనియ్యి అన్నా, నీ కాళ్ళు మొక్కుత," అంది డెబోరా.

"ఎట్ల పోనియ్యాలె చెల్లె, ముంగట లారీలు కదలకపాయె," అన్నాడు ఆటో నడిపే సదయ్య. అయినా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

డెబోరా చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. మేనేజర్ విష్ణువర్ధన్. తల్లిని పట్టుకోవాలా, ఫోన్ ఎత్తాలా? ఫోన్‌ని సీటు మీద పడేసింది.

హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెబోరా టెస్టర్. కరోనా కాలంలో ఇంటి నుంచే పని అని తీసుకున్నారు. తర్వాత మాట మార్చారు: వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. దానికి హైబ్రిడ్ అని ముద్దుపేరు. ముద్దు వాళ్ళది, అవస్థ ఈమెది. చేతికొచ్చేది ముప్పై ఒక్క వేలు, మూడేళ్ళుగా అంతే. వారంలో మూడు రాత్రులు పడుకునే హాస్టల్ మంచానికి నెలంతటికీ తొమ్మిది వేలు. రైలుకీ బస్సుకీ మరో నాలుగు వేలు. జీతం పెంచమంటే, "బయట మార్కెట్ చూశారా? కొత్తవాళ్ళు పద్దెనిమిది వేలకే దొరుకుతున్నారు," అంటారు. ఇక ఇంట్లో పనిచేసే రెండు రోజులూ దొంగను చూసినట్టు చూస్తారు. పది నిమిషాలు మౌస్ కదలకపోతే పేరు పక్కన పచ్చచుక్క పసుపు రంగుకు తిరుగుతుంది, మేనేజర్ ఫోన్ చేస్తాడు. ఒంటికి పోవడానికి కూడా గడియారం చూసుకోవాలి. ఇదీ ఆ సుఖం!

ఆ గురువారం ఇంటి నుంచి పనిచేసే రోజు. ల్యాప్‌టాప్ తెరిచి ఉండగానే డెబోరా తల్లిని ఎత్తుకుని పరుగెత్తింది. ఇంట్లో తండ్రి అంద్రెయ ఒక్కడే మిగిలాడు.

అంద్రెయ ముప్పై నాలుగేళ్ళు భూగర్భ గనిలో బొగ్గు ఎత్తినవాడు. పని దొరికిన కొత్తలో అతను బదిలీ ఫిల్లర్. అంటే, పర్మనెంటు మనిషి రాని రోజున అతని స్థానంలో దిగేవాడు. షిఫ్టుకు ముందే వెళ్ళి బాయి మీద, అంటే గని ముందు, నిలబడాలి. ఎవడు నాగా పెడితే వాడి జాగాలో ఇతన్ని పేరు పిలిచి పంపేవారు. అందులో దాపరికం ఏమీ లేదు. మనిషి లేకపోయినా జాగా ఖాళీ ఉండకూడదు, పని ఆగకూడదు. డ్యూటీ అంటే అంద్రెయకు తెలిసింది అదే. కూతురి కుర్చీ ఖాళీగా కనిపించింది. ఆమె మాటిమాటికీ మౌస్ కదపడం వారం వారం చూస్తున్నదే. వెళ్ళి కూర్చున్నాడు, కదపడం మొదలుపెట్టాడు. ఎంత పని చేశావయ్యా అంద్రెయా!

కాసేపటికి వీడియో కాల్ మోగింది. తెర మీద మెరుస్తున్న పచ్చబొమ్మను నొక్కాడు. పదకొండు మొహాలు అతన్ని చూశాయి.

"ఎవరండీ మీరు? డెబోరా ఏది?" అన్నాడు విష్ణువర్ధన్.

"వందనాలు సారూ. నేను డెబోరా వాళ్ళ బాపును. వాళ్ళమ్మ కండ్లు తిరిగి పడ్డది, దవాఖానకు తీస్కపోయింది. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, డ్యూటీ ఆగలే. బిడ్డ వచ్చేదాక ఆమె జాగల నేను బదిలీ కూసున్న."

గర్వంగానే చెప్పాడు పాపం. ఇద్దరు ముగ్గురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. విష్ణువర్ధన్ నవ్వలేదు.

"మీరు సిస్టం ముట్టుకున్నారా?"

"ముట్టిన సారూ. అబద్ధమెందుకు? అప్పటిసంది తిప్పుతనే ఉన్న."

కాల్ ఆగిపోయింది.

దవాఖానలో గ్లూకోజు ఎక్కించాక సుగుణమణి కళ్ళు తెరిచింది. మధ్యాహ్నం తల్లిని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టేసరికి అంద్రెయ ఎదురొచ్చి, మీ సారుతో మాట్లాడానని జరిగిందంతా చెప్పాడు. డెబోరా ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తింది.

"బాపూ! ఎంత పని చేసినవే! ఇది నీ బాయి అనుకున్నవా? బయటోళ్ళు ముడితే నౌకరి పోతది!"

"నేను బయటోన్ని ఎట్లయిత బిడ్డా?" అన్నాడు అంద్రెయ. డెబోరాకు కోపం, జాలి, భయం ఒక్కసారే ముంచుకొచ్చాయి, ఏడ్చేసింది. ఆ ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. తండ్రి పింఛను తల్లి మందులకే చాలదు.

అప్పుడే ల్యాప్‌టాప్‌లో కాల్ వచ్చింది. ఈసారి హెచ్చార్ మేడం కమలకుమారి. మేడం గొంతు తేనె.

"అమ్మగారికి ఎలా ఉందమ్మా? చూడండి, ఇది చాలా సీరియస్. మేం టెర్మినేట్ చేస్తే మీకు ఇంకెక్కడా ఉద్యోగం రాదు. మీ మంచికే చెబుతున్నా. 'వ్యక్తిగత కారణాలతో నా ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను' అని ఒక్క మెయిల్ పెట్టేయండి. సర్టిఫికెట్లు గౌరవంగా ఇచ్చి పంపిస్తాం."

"తీసేస్తే రెండు నెలల జీతం ఇవ్వాలి కదా మేడం?"

"మేం తీయడం లేదు కదమ్మా, మీరే వెళ్తున్నారు. ఈ నెలలో మీ టీములో నలుగురు ఇలాగే రాశారు. ఏ గొడవా లేకుండా వెళ్ళారు."

నలుగురా! ఒకతను ఇంట్లో నెట్ సరిగా లేదని పోయాడు. ఒకామె చంటిపిల్ల ఏడుపు కాల్‌లో వినపడిందని పోయింది. తన తండ్రి కుర్చీలో కూర్చోకపోయినా మరోటి వెతికేవాళ్ళేనని డెబోరాకు అప్పుడర్థమైంది. పద్దెనిమిది వేల మనిషి దొరుకుతుండగా ముప్పై ఒక్క వేల మనిషి ఎందుకు? అదీ అసలు సంగతి.

అంద్రెయ తెర ముందుకొచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, తప్పు నాది. నన్నేమన్న అనుండ్రి. బిడ్డ నౌకరి తియ్యకుండ్రి. నీ కాల్మొక్కుత."

"ఆయన్ని పక్కకు వెళ్ళమనండి," అంది కమలకుమారి. "ఐదు నిమిషాల్లో మెయిల్ రావాలి."

డెబోరా కీబోర్డు మీద చేతులు పెట్టింది. ఏం చేస్తుంది మరి? సర్టిఫికెట్లన్నా మిగలాలి. వ్యక్తిగత కారణాలతో, అని కొట్టింది. నా ఇష్టపూర్వకంగా అన్న చోటికి వచ్చేసరికి వేళ్ళు కదల్లేదు. పక్కన తండ్రి ఇంకా చేతులు జోడించే నిలబడ్డాడు. కొట్టిందంతా చెరిపేసింది.

"మేడం," అంది. ఆఫీసువాళ్ళతో జాగ్రత్తగా మాట్లాడే తెలుగు ఆమె నోటికి రాలేదు. "తీసేస్తే తీసెయ్యిండ్రి. ఎందుకు తీసిన్రో మీరే రాసియ్యిండ్రి. నా ఇష్టంతోని పోతున్న అని మాత్రం నేను రాయ."

"బాగా ఆలోచించుకోండి. రేపు బాధపడతారు."

"ఇయ్యాల్నే పడుతున్న మేడం. రాయ."

తెర నల్లబడింది. మళ్ళీ పాస్‌వర్డ్ కొడితే తీసుకోలేదు. అంద్రెయ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మంచం మీంచి సుగుణమణి, "ఏమైంది బిడ్డా?" అని అడిగింది.

ఫోన్ మోగింది. బసంత్‌నగర్ నుంచి సుప్రజ, అదే టీములో పనిచేసే పిల్ల.

"డెబోరా, నన్ను కూడా పిలిచారే. రెండుసార్లు కరెంటు పోయిందని పట్టుకున్నారు. మేడం అటు ల్యాప్‌టాప్ లైన్లోనే ఉంది, మెయిల్ పెట్టమంటోంది. నువ్వేం రాశావ్?"

"ఏం రాయలే."

"రాయకపోతే ఏం చేస్తారు?"

"నాకెర్క లేదు సుప్రజా."

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.