ఎవరినీ కొరకని కోరలాయన

మా చెల్లి పోయేనాటికి తను టీవీలో ఆడే వీడియో గేములో ఆఖరి కోట ఒక్కటే మిగిలింది. అందులో కథానాయకుడు రక్తపిశాచి. పొడుగు అంగీ, పాలిపోయిన ముఖం. చెల్లి అతన్ని కోరలాయన అనేది. ఊళ్లోవాళ్ల రక్తం తాగితే అతనికి బలం పెరుగుతుంది. కానీ కొరికిన మనిషి ఆటలో మళ్లీ కనిపించడు. ఊళ్లో ఉన్నది పదకొండుమంది.

"ఒక్కరినీ కొరక్కుండా గెలిచి చూపిస్తానక్కా" అంది చెల్లి. మర్నాడే ఆసుపత్రిలో చేరింది. నేను ఫ్లాస్కు కోసం ఇంటికి వచ్చి వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది.

ఆ మాట నేను నిలబెట్టాలనుకున్నాను. ఆట పెట్టె చెల్లి కూతురిది. ఇల్లు మారుతూ ఆదివారం తీసుకెళ్లిపోతుంది. శనివారం మధ్యాహ్నానికి ఆ కోటను కాసే దొర చేతిలో ముప్ఫయ్యారుసార్లు ఓడిపోయాను.

"పెద్దమ్మా, ఆ దీపాల ముసలాణ్ణి కొరికెయ్యి. ఒక్క గుటక! కోటదొర రెండు దెబ్బలకి పడతాడు" అంది, అట్టపెట్టెకు టేపు వేస్తూ.

"నోర్ముయ్యవే. పాపం, వెళ్లినప్పుడల్లా దారి చూపిస్తాడు."

"అది బొమ్మ పెద్దమ్మా!"

"బొమ్మైతే మాత్రం? ఉన్నట్టుండి మాయమైపోవాలా?"

అది నవ్వడం మానేసింది. నేను మళ్లీ ఆట మొదలుపెడితే నా కాళ్లవైపు చూసింది. "ఏంటి, కాలు అలా ఆడిస్తున్నావ్?"

నలభై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కిన కాలు. దొర కత్తి ఎత్తగానే కంగారులో అది నేలను తొక్కుతోంది. తప్పుకునే మీట మీద బొటనవేలు మాత్రం బిగుసుకుపోయి ఉంది. తొక్కితే కదలడానికి కోరలాయనేమన్నా జాకెట్టు ముక్కా? ఇన్నిసార్లూ పాపం నిలబడి దెబ్బలు తిన్నాడు.

"కాలు మడుచుకుని కూర్చో."

"అప్పుడు వేలు అస్సలు ఆడదు. ఉండు."

కొలతల కాగితం తీసి సుద్దతో గీశాను. దొర మూడుసార్లు కత్తి విసురుతాడు, ఒకసారి ఊపిరి తీసుకుంటాడు. మూడు గీతలు, ఒక ఖాళీ. కాలు తొక్కినప్పుడల్లా వేలూ నొక్కాలి. ఖాళీలో ఒక పోటు.

రక్తం తాగని కోరలాయన పోటుకి దొర ప్రాణం గోరంతే తగ్గుతుంది. అరగంట తొక్కాను. వేలు మొద్దుబారింది. ఒక్క దెబ్బ తగిలితే చచ్చేంతదాకా వచ్చాను. కాలు ఆపలేదు.

దొర కూలిపోయాడు.

చెల్లి కూతురు టేపు పడేసి వచ్చి నా పక్కన కూర్చుంది. కోట తలుపులు తెరుచుకున్నాయి. ఊరు వదిలి వెళ్లే కోరలాయనను సాగనంపడానికి జనం వచ్చారు. లెక్కపెట్టాను. పదకొండుమంది. ఒక్కొక్కరే వీడ్కోలు చెప్పడం మొదలుపెట్టారు.

"ఇదంతా దాటెయ్యొచ్చు పెద్దమ్మా, ఆ మీట నొక్కితే" అంది మెల్లగా.

"నొక్కను."

చివరగా దీపాల ముసలాయన దీపం పైకెత్తాడు. కోరలాయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"వెళ్లిరా" అన్నాను. గట్టిగానే అన్నాను.